గోడలో గడ్డకట్టిన నీరు

పుదుచ్చేరి ప్రాంతంలోని ఏంబలంలో గాని, మన కోస్తా పల్లెల్లో గాని చలికి నీటిగొట్టం పగిలిందంటే ఎవరూ నమ్మరు. అటువంటి ఊళ్ళ నుంచి వెళ్ళి అమెరికాలోని టెక్సాస్‌లో స్థిరపడిన తెలుగువారు 2021 ఫిబ్రవరిలో ఆ వింతను కళ్ళారా చూశారు. 16వ తేదీన డల్లాస్‌లో ఉష్ణోగ్రత సున్నాకు దిగువ 19 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. లక్షలాది ఇళ్ళకు విద్యుత్తు లేదు. ఎండల రాష్ట్రం గనుక అక్కడ అనేక ఇళ్ళలో గొట్టాలు అటకల మీదా, వెలుపలి గోడల్లోనూ చలికి తగిన రక్షణ లేకుండానే ఉంటాయి.

నీరు మంచుగా మారితే దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. విచిత్రమేమంటే, గొట్టం తరచు పగిలేది మంచు ఉన్నచోట కాదు. మంచుకూ మూసిన కుళాయికీ నడుమ చిక్కుకున్న నీటి ఒత్తిడి వల్ల. కనుక ముందుగా కుళాయి తిప్పి ఉంచాలి. గొట్టం చీలిందన్న అనుమానం ఏ మాత్రమున్నా ఇంటికి నీరు వచ్చే మెయిన్ వాల్వు మూసివేయాలి. ఆపైన హెయిర్ డ్రయ్యర్‌తోనో, వేడినీటిలో తడిపి పిండిన తువాళ్ళతోనో కుళాయి వైపు నుంచి వెనక్కు వేడి చేస్తూ పోవాలి. కరిగిన నీటికి దారి ఉండాలి గదా! మంట మాత్రం చూపరాదు, ఇల్లే అంటుకోవచ్చు.

అసలు నష్టం బయటపడేది చలి తగ్గాకనే. మంచు బిరడాలా బిగిసి ఉన్నంతసేపు చీలిక దాగి ఉంటుంది; అది కరగగానే పైకప్పు నుంచి నీరు ధారగా దిగుతుంది.