విలీనం తర్వాత మిగిలేది ఎవరు?

జపాన్‌లో తయారయ్యే యానిమేషన్ చిత్రాలనూ సీరియళ్లనూ ప్రపంచమంతటా అనిమే అని పిలుస్తున్నారు. ఇవి పిల్లల కాలక్షేపమనీ, వ్యాపార సరుకనీ తోసిపుచ్చే విమర్శకులు మనలో ఉన్నారు. వ్యాపార సరుకే, సందేహం లేదు. కాని యువతరం ఊహలను తీర్చిదిద్దుతున్న సరుకును విప్పి చూడటం కూడా విమర్శ బాధ్యతే. ఈ కథల్లో పదే పదే ఎదురయ్యే ఘటన ఒకటుంది: రెండు ప్రాణులు ఒకే దేహంగా కలిసిపోవడం. అలా కలిశాక ఆ మనిషి స్వభావం ఏమవుతుంది? ఈ ప్రశ్నకు ఆ కథలు ఇచ్చే జవాబులను వరుసగా పరిశీలిస్తే, అభ్యుదయ సాహిత్యం మొదటినుంచీ చర్చిస్తున్న సమస్యే, అంటే వ్యక్తికీ సమష్టికీ గల సంబంధమే, మరో వేషంలో కనిపిస్తుంది.

మన పాత కథల్లో పరకాయ ప్రవేశం ఉంది. చిలుక దేహంలో దూరినా రాజు రాజుగానే ఆలోచిస్తాడు. దేహం చొక్కా వంటిదనీ, లోపలి ఆత్మ మారదనీ చెప్పే భావవాదం దాని పునాది. అనిమే విలీన కథల్లో ఈ నమ్మకం నిలవదు. దేహం మారితే ఆకలి, భయం, మమకారం అన్నీ మారుతాయి. వ్యక్తిత్వాన్ని భౌతిక, సామాజిక పరిస్థితులు రూపొందిస్తాయనే వాస్తవాన్ని ఈ కల్పన తనకు తెలియకుండానే ఒప్పుకుంటున్నది.

అన్నిటికంటే తేలికైన రూపం అకిరా తోరియామా సృష్టించిన 'డ్రాగన్ బాల్'లో ఉంది. దాని ఆధారంగా 1989 నుంచి 1996 దాకా ప్రసారమైన 'డ్రాగన్ బాల్ జడ్'లో గోటెన్, ట్రంక్స్ అనే ఇద్దరు పిల్లలు ఒక నృత్యం చేసి గోటెంక్స్ అనే ఒకే యోధుడవుతారు. ఇద్దరి బలం సమానంగా ఉండాలి. భంగిమలు అద్దంలో ప్రతిబింబంలా సరిపోవాలి. కలయిక 30 నిమిషాలే నిలుస్తుంది. బలం ఎన్నోరెట్లు పెరుగుతుంది, దానితోపాటు గొప్పలు చెప్పుకునే గుణమూ పెరుగుతుంది. విడివిడిగా ఉన్నప్పుడు ఒకడి దుడుకును మరొకడు ఆపగలడు. ఒకే దేహంలో ఆ పక్కవాడు లేడు. గుణాలు లెక్కల్లో అంకెల్లా కూడి, ఒకదాని లోపాన్ని మరొకటి పూడ్చుతుందనుకోవడం భ్రమ అని ఇక్కడ తెలుస్తుంది. అయితే గడువు తీరగానే పిల్లలిద్దరూ ఎప్పటిలా ఇంటికి పోతారు. ఈ విలీనం యుద్ధానికి పనికివచ్చే పనిముట్టే తప్ప, మనిషిని మార్చే అనుభవం కాదు.

హితోషి ఇవాకి రచన ఆధారంగా 2014లో వచ్చిన 'పారసైట్' సీరియల్ ఇంకా లోతుకు వెళ్తుంది. షినిచి అనే విద్యార్థి మెదడును ఆక్రమించాలని వచ్చిన ఒక పరాన్నజీవి దారి తప్పి అతని కుడిచేతిలో స్థిరపడుతుంది. దాని పేరు మిగి. మరో పరాన్నజీవి షినిచి తల్లిని చంపి, ఆమె దేహంతోనే వచ్చి అతని గుండెను పొడిచేస్తుంది. మిగి తన కణాలతో ఆ గుండెను బాగుచేస్తాడు. ఆ కణాలు షినిచి ఒళ్లంతా వ్యాపిస్తాయి. అతనికి బలం వస్తుంది, కంటిచూపు మెరుగవుతుంది. కాని తల్లి పోయినా కన్నీరు రాదు. చనిపోయిన కుక్కపిల్లను చెత్తడబ్బాలో వేసి, అది ఇక మాంసపు ముద్దేనన్నట్టు మాట్లాడతాడు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఈ మార్పు షినిచికి తనంతట తాను చూసుకుంటే సరిగా తెలియదు. అతన్ని ప్రేమించే సతోమి ముఖంలోని భయంలో తెలుస్తుంది. వ్యక్తిత్వం మనిషి లోపల దాచిన నిధి కాదు. తోటివారితో నడిచే వ్యవహారంలోనే అది రూపు కడుతుంది, అక్కడే చెడుతుంది. మార్పు ఒక వైపుకే సాగదు కూడా. షినిచి కొంత మిగి అయినట్టే, బతకడం తప్ప మరేదీ పట్టని మిగి కొంత మనిషవుతాడు. పరాన్నజీవి అయిన రేకో తమురా తన పసిబిడ్డను కాపాడుతూ కూలిపోయినప్పుడు షినిచికి మళ్లీ కన్నీరు వస్తుంది. పోయిన మానవత్వం అతనికి మరొక ప్రాణితో సంబంధంలోనే తిరిగి దక్కింది.

ఇంతవరకు చూసిన రెండు కథల్లో ఒకటి ఇష్టంతో, ఒకటి ప్రమాదంతో జరిగింది. బలవంతపు విలీనం హిరోము అరకావా రచన 'ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్'లో ఉంది. 2003లోనూ 2009లోనూ రెండుసార్లు అనిమేగా వచ్చిన ఈ కథలో అమెస్ట్రిస్ అనేది సైనిక ప్రభుత్వం పాలించే దేశం. రసవాదులు ప్రభుత్వ ఉద్యోగం నిలుపుకోవాలంటే ఏటా తమ పరిశోధన ఫలితం చూపించాలి. ఆ పరీక్షలో నెగ్గడానికి షౌ టక్కర్ అనేవాడు తన చిన్నారి కూతురు నీనాను ఇంటి కుక్కతో కలిపేస్తాడు. పుట్టిన జంతువు తెలిసిన అన్నను గుర్తుపట్టి, ఆడుకుందామని పిలవగలుగుతుంది. అంతకు మించి నీనా మిగలలేదు. టక్కర్ ఒక్కడే దుర్మార్గుడని సరిపెట్టుకుంటే కథను సగమే చదివినట్టు. ఏటేటా ఫలితం అడిగి, అది ఎలా వచ్చిందో అడగని రాజ్యం ఆ దుర్మార్గానికి పెట్టుబడి పెట్టింది.

మమోరు ఒషీ 1995లో తీసిన 'ఘోస్ట్ ఇన్ ది షెల్' సినిమాలో విలీనం ఒక ఒప్పందం. పోలీసు అధికారిణి మోటోకో కుసనాగిది దాదాపు పూర్తిగా యంత్రదేహం. ఉద్యోగం మానితే ఆ దేహాన్నీ, జ్ఞాపకాల్లో కొంత భాగాన్నీ ప్రభుత్వానికి అప్పగించాలి. తన దేహం మీద తనకే హక్కు లేని శ్రామికురాలు ఆమె. ప్రభుత్వ రహస్య కార్యక్రమంగా పుట్టి, తాను జీవినని ప్రకటించుకున్న పప్పెట్ మాస్టర్ ఆమెతో కలవాలని కోరుతుంది. తాను తానుగానే మిగులుతానన్న హామీ ఉందా అని ఆమె అడుగుతుంది. లేదని జవాబు వస్తుంది. అది తెలిసే ఆమె అంగీకరిస్తుంది. చివరికి చిన్నపిల్ల దేహంలో లేచిన వ్యక్తి పాత మోటోకో కాదు, పప్పెట్ మాస్టరూ కాదు. ఇక్కడ మార్పు వినాశం కాలేదు. దానికి కారణం కలయికలోని సాంకేతిక మహిమ కాదు, ఇరువురికీ అడిగే హక్కు, కాదనే హక్కు ఉండటమే.

ఇద్దరి సంగతి వదిలి మానవజాతి మొత్తాన్ని కలిపేస్తే? హిదెయాకి అన్నో రూపొందించిన 'నియాన్ జెనెసిస్ ఇవాంజెలియన్' సీరియల్ 1995-96లో 26 భాగాలుగా వచ్చింది. 1997లో దానికి ముగింపుగా ఒక సినిమా వచ్చింది. సీలె అనే రహస్య మండలి, మనుషుల మధ్య గోడలన్నీ కూల్చి అందరినీ ఒకే చైతన్యంగా మార్చాలని పథకం వేస్తుంది. ఒంటరితనం ఉండదు, అపార్థం ఉండదు. సినిమాలో దేహాలన్నీ కరిగి ద్రవమైపోతాయి. ఒంటరితనంతో నలిగిన షింజి అనే బాలుడికి ఇది స్వర్గం కావలసింది. కాని ఎదుటి మనిషి లేని చోట తానూ లేనని అతను గ్రహిస్తాడు. నొప్పించగల మనుషులున్న లోకాన్నే తిరిగి కోరుకుంటాడు.

ఈ ముగింపును వ్యక్తివాదానికి విజయమని కొందరు చదవవచ్చు. అది సరికాదు. షింజి తిరస్కరించింది సమష్టిని కాదు. జనాన్ని అడగకుండా కొద్దిమంది పైనుంచి రుద్దిన ఏకత్వాన్ని. తేడాలన్నిటినీ కరిగించి జాతి ఒక్కటే, గొంతు ఒక్కటే అనే పాలకులు కోరేదీ అటువంటి ద్రవాన్నే. శ్రామికుల ఐక్యత వేరు. అందులో మనుషులు విడివిడి గొంతులతో వచ్చి వాదించుకుంటారు, ఒకరినొకరు మార్చుకుంటారు, కలిసి నడుస్తారు.

ఈ కథలు పరిష్కారాలు చూపవు. వ్యాపార ప్రయోజనాల పరిధి దాటి వెళ్లవు కూడా. అయినా వాటిని చదవడానికి మూడు ప్రశ్నలు చాలు: కలయికను ఎవరు కోరారు? దాని మూల్యం ఎవరు చెల్లించారు? కలిశాక కాదనే గొంతు మిగిలిందా? ఈ ప్రశ్నలు మన కథలకూ, మన సంఘాలకూ కూడా వర్తిస్తాయి. ఐక్యత పేరుతో సభ్యుడి గొంతు నొక్కే సంస్థను విమర్శించడానికి నీనా కథ ఒక్కటి గుర్తుంచుకున్నా మనకు మేలే.