తొక్కే కదా అని పారేయకండి!

బీరకాయలు తరుగుతూ చెక్కు తీసి చెత్తబుట్టలో వేశారనుకోండి. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇళ్లలో పెద్దవాళ్లు చూస్తే ఊరుకోరు. ‘ఓలమ్మా, తొక్కలు పారేత్తన్నావేటే! నువ్వులేసి పచ్చడి నూరుదుం, ఇలాగియ్యి’ అనేస్తారు. బీరపొట్టయినా, ఆనపకాయ తొక్కయినా నూనెలో మగ్గించి, వేయించిన నువ్వులు, ఎండుమిరప, చింతపండు వేసి నూరితే ఆ పూటకి పచ్చడి సిద్ధం. రుచి సరే, అసలా తొక్కు మన ఒంటికి పడుతుందా?

కొంత పడుతుంది, కొంత పట్టదు. పట్టనిది కూడా వృథా పోదు.

తొక్కలో చాలా పీచు ఉంటుంది. దాన్ని అరిగించే ఎంజైములు మన ఒంట్లో లేవు. పచ్చని తొక్కలోని కెరోటిన్ లాంటి రంగు పదార్థాలు ఆ పీచుగోడల మధ్య ఇరుక్కుని ఉంటాయి. తొక్కును మగ్గించి మెత్తగా నూరితే ఆ గోడలు చితికి, అవి బయటికొస్తాయి. కెరోటిన్ నీళ్లలో కరగదు, నూనెలోనే కరుగుతుంది. నువ్వుల్లో దాదాపు సగం నూనే! ఆ నూనె, పైత్యరసం తోడై కెరోటిన్‌ని చిన్నపేగు గోడలోకి చేరుస్తాయి. అక్కడ అందులో కొంత విటమిన్-ఎ అవుతుంది. అంటే పచ్చడిలో నువ్వులు రుచి కోసమే కాదన్నమాట.

ఇక తొక్కకి వగరునిచ్చే పాలీఫినాల్స్ సంగతి. వీటిలో చిన్నపేగులో ఒంటికి పట్టేది నూటికి 5 నుంచి 10 పాళ్లే. మిగతావి పీచుతో పాటు పెద్దపేగుకి చేరతాయి. అక్కడుండే కోటానుకోట్ల బాక్టీరియాకి అదే విందు. అవి పీచును పులియబెట్టినప్పుడు బ్యుటిరేట్ అనే పదార్థం తయారవుతుంది. పెద్దపేగు లోపలి పొరకి ముఖ్యమైన ఆహారం అదే. అరగకుండా మిగిలిన పీచు విరేచనం సాఫీగా అయ్యేట్టు చూస్తుంది.

అయితే ఈ జాగ్రత్తలు మరవకండి:

* ఆనప, బీర కోయగానే చిన్న ముక్క నాలిక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే తొక్కే కాదు, కాయంతా పారేయండి. ఆ చేదుకి కారణమైన కుకుర్బిటాసిన్ విషం ఉడికించినా పోదు. చేదు ఆనపరసం తాగి మన దేశంలో ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

* పచ్చబడిన బంగాళాదుంప తొక్క అసలు వాడొద్దు.

* చెక్కు తీయకముందే కాయని ధారగా పడే నీళ్లలో రుద్ది కడగండి. ముదురు తొక్క వద్దు, లేతదే మేలు.

* అలవాటు లేనివాళ్లు కొంచెంతో మొదలుపెట్టండి. ఒకేసారి ఎక్కువ తింటే కడుపుబ్బరం రావచ్చు.

ఈసారి లేత బీరకాయలు తెచ్చినప్పుడు చెక్కు పక్కన పెట్టి చూడండి. ఒకే కాయతో కూరా, పచ్చడీ రెండూ అయిపోతాయి. ఏమంటారు?