వెన్నుచీలికతో జీవిస్తున్న వయోవృద్ధుల నడక సామర్థ్యం – ఒక పరిశీలన

‘స్పైనా బైఫిడా’ అనే లాటిన్ పదబంధానికి రెండుగా చీలిన వెన్ను అని అర్థం. తెలుగులో దీనిని ‘వెన్నుచీలిక’ అనవచ్చు. గర్భధారణ జరిగిన తొలి నాలుగు వారాలలో పిండంలోని నాడీనాళం పూర్తిగా మూసుకోకపోవడం దీనికి మూలం. తీవ్రరూపమైన మైలోమెనింగోసీల్‌లో వెన్నుపాము, దాని పొరలు తిత్తిలా వెలుపలికి పొడుచుకువస్తాయి. ఫోలిక్ ఆమ్లంతో దీనిని చాలావరకు నివారించవచ్చని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి అధ్యయనం నిరూపించింది. అందువల్లనే కాబోలు, దీనిపై చర్చ సాధారణంగా గర్భిణి వద్ద, శిశువు వద్ద ఆగిపోతుంది. ఆ శిశువు అరవయ్యో ఏట ఎలా నడుస్తాడన్నది ఈ వ్యాసవిషయం.

ఈ ప్రశ్న ఇటీవలి కాలానిదే. తలలో చేరే నీటిని మళ్లించే కవాటాన్ని 1956లో జాన్ హోల్టర్ రూపొందించాడు. ఆయన వైద్యుడు కాదు, వెన్నుచీలికతో పుట్టిన బిడ్డకు తండ్రి. 1972లో లాపిడస్ ప్రతిపాదించిన స్వయం మూత్రనాళిక పద్ధతి మూత్రపిండాలను కాపాడింది. వీటి వల్ల బతికి బట్టకట్టిన తరమే ఇప్పుడు వార్ధక్యంలోకి అడుగుపెడుతున్నది.

నడక ప్రధానంగా చీలిక ఏ స్థాయిలో ఉన్నదనే దానిపై ఆధారపడుతుంది. త్రికాస్థి స్థాయిలో ఉంటే చాలామంది నడవగలరు. నాలుగో కటి నాడి వరకు పనిచేస్తే మోకాలిని చాచే తొడకండరానికి బలముంటుంది. అంతకు పైన దెబ్బతింటే బాల్యంలో పొడవాటి ఊతపట్టీలతో నడిచినవారు సైతం కౌమారం దాటేసరికి చక్రాల కుర్చీని ఎంచుకోవడం కద్దు.

1973లో హాఫర్ బృందం నడకను నాలుగు తరగతులుగా విభజించింది. వాటిని బహిరంగ నడక, గృహ నడక, చికిత్సాశాలలో అభ్యాసంగా మాత్రమే సాగే నడక, నడక లేకపోవడం అని తెలుగు చేయవచ్చు. మన వ్యవహారంలో ‘నడవగలరు’, ‘నడవలేరు’ అనే రెండు మాటలే ఉన్నాయి. ఇంట్లో చేతికర్రలతో తిరిగి, సంతకు కుర్చీలో వెళ్లే వ్యక్తిని ఈ రెంటిలో దేనిలో చేర్చాలి?

వయసుతో నడక తగ్గడానికి కారణాలు అనేకం. బరువు పెరగడం, కీళ్లు బిగుసుకుపోవడం, వెన్ను గూనివారడం, ఏళ్ల తరబడి కర్రలపై భారం మోపిన భుజాల నొప్పి వీటిలో కొన్ని. స్పర్శలేని పాదానికి పుండు పడినా తెలియదు, అది మానేదాకా నడక మానవలసిందే. అయితే అన్నింటికన్నా జాగ్రత్తగా గమనించవలసింది వేరొకటి. చుట్టూ ఉన్న కణజాలానికి వెన్నుపాము అతుక్కుని లాగబడినా, దానిలో నీటితిత్తి ఏర్పడినా, తలలోని కవాటం పూడుకుపోయినా కాళ్ల బలం తగ్గుతుంది. వీటికి చికిత్స ఉంది. నిన్నటిదాకా ఎక్కిన మెట్లు నేడు ఎక్కలేకపోతే ‘వయసు మీదపడింది’ అని సరిపెట్టడం వల్ల ఆ చికిత్సాకాలం చేజారుతుంది. కొత్తగా మూత్రనియంత్రణ మారడం, నడుమునొప్పి రావడం కూడా ఇటువంటి సంకేతాలే.

భారతదేశపు 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను పేర్కొన్నది. వాటిలో వెన్నుచీలికకు ప్రత్యేక స్థానం లేదు. దానివల్ల కలిగే కాళ్ల బలహీనతను చలన వైకల్యం కింద లెక్కించవలసి వస్తుంది. మూత్రాశయ సమస్య, స్పర్శలోపం ఆ పేరులో వినిపించవు.

పత్రికాభాషలో ‘చక్రాల కుర్చీకే పరిమితమయ్యారు’ అన్న వాక్యం తరచు కనిపిస్తుంది. పై కండరాల బలంతో అడుగడుగునా శరీరాన్ని ఎత్తి వేసే నడకకు మామూలు నడకకన్నా ఎంతో ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. అరవై ఏళ్ల వ్యక్తి ఆ శక్తిని మిగుల్చుకుని, కుర్చీలో గ్రంథాలయానికి వెళ్లి, తిరిగివచ్చి వంటగదిలో నాలుగడుగులు వేస్తే, ఆమె దేనికి పరిమితమైనట్లు?