కోసిన చేలలో అడవిపంది

వరి కోత ముగిసి ధాన్యము ఇల్లు చేరిన పిమ్మట, పొలమునకు ఇక కాపలా యెందుకని రైతు నిశ్చింతగా నిద్రించును. ఆ రాత్రియే కాలువగట్టు మీది కంపలోనుండి అడవిపందుల గుంపు బయలుదేరి, కొయ్యకాళ్ల నడుమ రాలిన గింజలను వెదకికొనుచు తిరుగును. పేదలు పరిగె యేరుకొనుట మన ఊళ్లలో అనాదిగా నున్న ఆచారము. ఈ పంది యేరుకొనునది కూడ పరిగెయే. అయితే పంట యెదుగుచున్నప్పుడు చేనును కుమ్మి పోయినదియు ఇదే కనుక, బయలున చిక్కిన ఈ సమయముననే దానిని కాల్చి వేయవలెనని కొందరందురు. తీగకు కరెంటు పెట్టిన చాలునని మరికొందరందురు. ఈ రెండింటిలోని మంచిచెడ్డలను మనము కొంచెము విచారింతము.

నల్లగొండ జిల్లాలోని నిడమనూరు ప్రాంతమునే ఉదాహరణముగా తీసికొందము. ఇది నాగార్జునసాగర్ ఎడమ కాలువ క్రింది ఆయకట్టు. సాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ పండితుడు శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4వ తేదీన శ్రీమతి ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచెను. కాలువ రాకతో ఎన్నో చెలకలు మాగాణి అయినవి. వానకాలమున ఒక పంట, యాసంగిలో ఒక పంట పండుచున్నవి. నీరందని మెట్టలలో వేరుసెనగ, బత్తాయి తోటలు గలవు. చెరువు శిఖములలోను, కాలువగట్ల మీదను సర్కారుతుమ్మ దట్టముగా అల్లుకొని యున్నది. పందికి కావలసినవి మూడు: పగలు దాగుటకు పొద, పొరలుటకు బురద, రాత్రి తినుటకు పంట. ఈ మూడును కూతవేటు దూరములో ఒక్కచోటనే దొరకుచుండగా, అది అడవికి పోవలసిన పని యేమున్నది?

అడవిపంది మన దేశమునకు క్రొత్తగా వచ్చిన జంతువు కాదు. చాళుక్యుల రాజలాంఛనము వరాహమే. విజయనగర రాజుల బంగారు నాణెమునకు ఆ పేరే వచ్చినది. అడవిలో పులికి, చిరుతకు, రేచుకుక్కలకు అది ఆహారము. అమెరికా, ఆస్ట్రేలియా ఖండములలో సంగతి వేరు. అక్కడ అడవిపంది పూర్వము లేదు. 1539లో స్పెయిను దేశీయులు ఫ్లోరిడాలో దిగినప్పుడు వెంట తెచ్చినవి, 1788లో ఆంగ్లేయులు ఓడలలో ఆస్ట్రేలియాకు తెచ్చినవి పెంపుడు పందులే. అటువంటివి కాలక్రమమున తప్పించుకొని పోయి అడవి పాలైనవి. కనుక అక్కడివారు దానిని పరాయి జంతువుగా నెంచి నిర్మూలింప జూచుచున్నారు. మనకది పొరుగు ప్రాణి. దానిని పొలమునకు దూరముగా నుంచుటయే మన పని.

కోసిన పొలమే వేటకు అనువైనదని చెప్పుటకు కారణము లేకపోలేదు. పందికి చూపు మందము. కాని ముక్కు, చెవి మిక్కిలి చురుకైనవి. ఏపుగా పెరిగిన వరిలోనో, మొక్కజొన్నలోనో అది దూరినచో నాలుగడుగుల దూరముననున్న మనిషికైనను కనబడదు. కోత కాగానే ఆ చాటు తొలగిపోవును. గాలి ఎదురుగా వీచు దిక్కున మంచె కట్టుకొని కదలక కూర్చున్నవానికి గుంపు అంతయు కనబడును. టెక్సాసు రాష్ట్రమున వేటగాండ్రు చీకటిలో దేహపు వేడిని పట్టి చూపు అద్దములతో పొలములలో పందులను కాల్చుచుందురు. 2011లో చేసిన చట్టముచే అక్కడ హెలికాప్టరు మీదినుండి కూడ కాల్చుటకు అనుమతి యీయబడినది.

ఇంత చేసినను అక్కడ పందుల బెడద తీరలేదు. దీనికి కారణము దాని సంతానమే. ఆడుపంది చూలు సుమారు 115 దినములు. ఒక్కొక్క ఈతకు నాలుగు మొదలు ఆరు వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పిల్లలు పుట్టును. ఏడాది తిరుగునప్పటికి ఆ పిల్లలును తల్లులు కాగలవు. ఏటేటా మందలో మూడింట రెండు వంతులైనను తీసివేయనిదే సంఖ్య తగ్గదని అక్కడి పరిశోధకుల అంచనా. ఒక రాత్రి రెండు పందులను కొట్టినంత మాత్రమున తక్కినవి చెదరి పోవును, కొంతకాలము దారి మార్చుకొనును. అంతకు మించిన ఫలము లేదు. పైగా కోసిన చేలలో కాపాడుకొనవలసిన పంటయే లేదు. పంది చేయు నష్టమంతయు అంతకు ముందే, వరి పాలుపోసుకొనునప్పుడు, వేరుసెనగ కాయ ఊరునప్పుడు, జొన్నపొత్తు గింజ కట్టునప్పుడు జరిగిపోవును.

చట్టమేమి చెప్పుచున్నదో తెలిసికొనుట అవసరము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అడవిపందిని ఇష్టము వచ్చినట్లు చంపరాదు. తుపాకి కాల్చుటయే గాక, ఉచ్చు పన్నుట, విషము పెట్టుటయు వేట క్రిందికే వచ్చును. అయితే ఆ చట్టములోనే 11వ సెక్షను రైతుకొక మార్గము చూపినది. అడవిపంది వంటి జంతువు మనుష్యుల ప్రాణములకో, పైరుతో సహా వారి ఆస్తికో అపాయకరముగా నున్నచో, దానిని వేటాడుటకు ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గాని, ఆయన అధికారమిచ్చిన వారు గాని కారణములు పేర్కొని వ్రాతపూర్వకముగా అనుమతి యీయవచ్చును. కేరళ ప్రభుత్వము 2022లో ఈ అధికారమును స్థానిక సంస్థల అధ్యక్షులకు అప్పగించినది. పంటరక్షణకై తుపాకి లైసెన్సు ఇచ్చునది 1959 నాటి ఆయుధముల చట్టము. తుపాకికి లైసెన్సు వేరు, పందిని కాల్చుటకు అనుమతి వేరు. మొదటిది యున్నంత మాత్రమున రెండవది యున్నట్లు కాదు. అట్లు అనుమతి పొంది చంపిన పంది కూడ ప్రభుత్వపు సొత్తే యగును. దాని మాంసము పంచుకొనుట, అమ్ముకొనుట నేరము.

చట్టము మాట అటుంచి, ఆ పొలములో రాత్రివేళ ఇంకెవరెవరుందురో ఆలోచింపుడు. కోత కాగానే ఎరువు కొరకు గొఱ్ఱెల మందను పొలములో కట్టించుట మన పల్లెలలో వాడుక. ఆ మంద ప్రక్కననే కాపరి నల్లని గొంగడి కప్పుకొని ముడుచుకొని పడుకొనును. చలికాలపు మంచులో, గురిచూచువానికి ఆ ఆకారము ఏమని తోచును? ధాన్యపు కుప్పల వద్ద పడుకొనువారు, తెల్లవారుజామున మడికి నీరు కట్టుటకు పోవువారు కూడ ఆ చీకటిలోనే యుందురు. రైఫిలు గుండు గురి తప్పినచో కిలోమీటరు దాటి పోగలదు. ఎండి గట్టిపడిన నేలమీదనో, రాతిమీదనో తగిలి ప్రక్కకు ఎగురగలదు. ఇదిగాక, పందులను పెంచి బ్రతుకు కుటుంబములు ఊళ్లలో కలవు. రాత్రి మేతకు పోయిన ఊరపందికిని, అడవిపందికిని తేడా చీకటిలో తెలియదు. ఒకరి జీవనాధారము మరొకరి గుండుకు బలియగును. కనుకనే అనుమతి యున్నప్పుడు కూడ ఈ పని ఊరికి ముందుగా తెలియజేసి, ఎత్తైన మంచె మీదినుండి నేలవైపు గురిపెట్టి, జంతువును స్పష్టముగా చూచిన పిమ్మటనే, శిక్షణ పొందినవారు చేయదగినది.

తుపాకి కంటె ఘోరమైనది కరెంటుతీగ. మోటారు స్టార్టరు నుండియో, పైనున్న లైను నుండియో తీగ లాగి, చేను చుట్టు మోకాలి యెత్తున కట్టి రాత్రి వదలివేయుదురు. మూడు ఫేజుల మోటారునకు వచ్చు విద్యుత్తు సుమారు 400 వోల్టులు. గుండె మీదుగా ఆంపియరులో పదవ వంతు ప్రవహించినను మనిషి ప్రాణము పోవచ్చును. తడిసిన గట్టు మీద, చెప్పులు లేని కాలితో నిలిచినవానికి దేహములోని నిరోధము మిక్కిలి తగ్గిపోవును. ఈ ప్రవాహము ఎడతెగనిది గనుక కండరములు బిగుసుకొని, పట్టిన తీగను విడువలేకపోవును. పందికి పన్నిన ఈ తీగకు పొరుగురైతు, వానిని వెదకికొనుచు వచ్చిన భార్య, కొడుకు, ఒక్కొక్కప్పుడు తీగ కట్టిన రైతే బలియైన వార్తలను మనము పత్రికలలో పలుమారులు చదివియున్నాము. పంటలో కొంత పోయినచో మరుసటి కారునకు పండించుకొనవచ్చును. పోయిన ప్రాణమును తెచ్చుకొనలేము. తీగ పెట్టినవానిపై మనుష్యహత్య నేరము కూడ మోపబడును.

అమ్మకమునకు దొరకు సౌరకంచె ఇటువంటిది కాదు. దానిలో వేల వోల్టులున్నను, అవి సుమారు సెకనుకొకసారి, సెకనులో వందవ వంతు కంటె తక్కువ కాలము మాత్రమే తగిలి ఆగిపోవును. జంతువు ఉలికిపడి వెనుదిరుగును గాని చావదు. మనిషి చేయి తీసికొనగలడు. అయితే అందుకై తయారైన పరికరమునే వాడవలెను. ఎచ్చరిక పలకలు కట్టవలెను. దానిని మోటారు కరెంటుకు ఎన్నడును కలుపరాదు.

ఖర్చు తక్కువైన ఉపాయములు కూడ కలవు. రాజేంద్రనగరులోని వ్యవసాయ శాస్త్రజ్ఞులు వేరుసెనగ చేను చుట్టు నాలుగు వరుసలు కుసుమ వేయవలెననియు, మొక్కజొన్న చుట్టు ఆముదము వేయవలెననియు సూచించిరి. కుసుమ ముండ్లు పందిని గ్రుచ్చుకొని ఆపును. ఆముదపు వాసన లోపలి పంట వాసనను మరుగుపరచును. ఆ చెట్టును పంది తినదు. ఈ గట్టు పంటల వలన రైతునకు కొంత ఆదాయము కూడ కలదు. వీటన్నిటికంటె ముఖ్యమైనది ఒకటి ఒంటరి రైతు చేయలేనిది. ఒకరి చేను కంచె వేసినచో పంది ప్రక్కవాని చేనిలో పడును. కావున ఒక తూము క్రింది రైతులందరు కలిసి ఒకేసారి నాట్లు వేసి, ఒకేసారి కోసి, కాలువగట్టు మీది తుమ్మకంపను నరికించి, కాయ ఊరు దినములలో వంతులవారీగా కాపలా కాయవలెను. నష్టము జరిగినచో వెంటనే అటవీశాఖ వారికి తెలిపి పరిహారము కోరవలెను. అప్పటికిని బెడద తగ్గనిచో, చట్టప్రకారము అనుమతితో వేట చివరి మార్గము.

మన యిండ్లలో ఈ పంటకాలమున పెద్దలు మోటారు వేయుటకో, చేను చూచుటకో రాత్రి బయలుదేరునప్పుడు, వారి చేతికి దీపమును, కాళ్లకు చెప్పులను అందించుట మరువరాదు. పొరుగువాని చేని చుట్టు తీగ యున్నట్లు తెలిసినచో మొగమాటపడక ఆ రాత్రియే చెప్పి తీయించుట మన కర్తవ్యము.