మీకు తెలుసా? వేకువ పరుగు వెనుక సంగతులు

● మారథాన్ దూరం 42.195 కి.మీ. అయినా సాధనలో చాలామంది ఒక్కసారి కూడా అంత దూరం పరుగెత్తరు. వారానికోసారి చేసే లాంగ్ రన్ సాధారణంగా 30–35 కి.మీ. దగ్గరే ఆగుతుంది.

● రోజు మొత్తంలో చల్లగా ఉండేది సూర్యోదయం వేళే. గాలిలో తేమ శాతం ఎక్కువగా ఉండేదీ అప్పుడే! విశాఖ బీచ్ రోడ్డులో ఎండ రాకముందే టీషర్టు తడిసి ముద్దవడానికి కారణం ఇదే. చెమట పడుతుంది గానీ ఆరదు. అది ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది.

● కండరాల్లో, కాలేయంలో ఉండే గ్లైకోజెన్ అనే ఇంధనం నిల్వలు చాలామందికి సుమారు 30 కి.మీ. దాటేసరికి అడుగంటుతాయి. కాళ్లు మొరాయించేది అక్కడే. లాంగ్ రన్‌లు చేసేకొద్దీ, కొవ్వును ఎక్కువగా వాడుకుని ఆ నిల్వల్ని పొదుపు చేయడం శరీరానికి అలవాటవుతుంది.

● 2019లో వియన్నాలో 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో మారథాన్ దూరం పూర్తిచేసిన కిప్చోగే సాధన చేసింది కెన్యాలోని కాప్టగాట్‌లో. సముద్రమట్టానికి దాదాపు 2,400 మీటర్ల ఎత్తులో, మట్టి రోడ్ల మీద!

● హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో జరుగుతుంది. అందుకే అక్కడివారి లాంగ్ రన్‌లు ఎండాకాలం చివర మొదలై వానల్లోకి సాగుతాయి. దారిలో ఫ్లైఓవర్లు ఎదురవుతాయి కాబట్టి ఎత్తు ఎక్కడం కూడా సాధనలో భాగమే.

● గంటల తరబడి పరుగెడుతూ అవసరానికి మించి నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. దాహాన్ని బట్టి తాగడమే మేలు.