మీకు తెలుసా? నెట్‌వర్క్ డ్రైవ్‌లో డిలీట్ కొడితే ఏమవుతుందో

ఆఫీసు కంప్యూటర్‌లో సి, డి డ్రైవ్‌ల కింద జెడ్ అని ఒకటి కనిపిస్తుంది కదా, అందులో కనిపించే ఫైళ్లు మీ డిస్క్‌లో ఉండవు. ఉండేది సర్వర్‌లోనో, అకౌంట్స్ సెక్షన్‌లోని కంప్యూటర్‌లోనో. మీ దగ్గరున్నది అక్కడికి దారి మాత్రమే.

ఇది తెలియకపోవడం వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. మీ సొంత డిస్క్‌లో ఫైలు డిలీట్ చేస్తే రీసైకిల్ బిన్‌లోకి చేరుతుంది, కావాలంటే వెనక్కి తెచ్చుకోవచ్చు. షేర్డ్ ఫోల్డర్‌లో చేస్తే మామూలుగా బిన్‌లోకి రాదు, నేరుగా పోతుంది. ‘శాశ్వతంగా తొలగించాలా?’ అని విండోస్ అడుగుతుంది. రోజూ వచ్చే ప్రశ్నే అనుకుని చాలామంది చదవకుండానే ‘యస్’ కొట్టేస్తారు. అలా ఏదైనా పోతే కంగారుపడకుండా ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో ‘ప్రీవియస్ వెర్షన్స్’ చూడండి. సర్వర్‌లో షాడో కాపీలు పెట్టి ఉంటే నిన్నటిదో మొన్నటిదో ప్రతి అక్కడ దొరుకుతుంది. లేదంటే బ్యాకప్పే దిక్కు. పదిమంది ఒకే ఫోల్డర్‌లో పనిచేసే ఏ ఆఫీసులోనైనా ఈ రెండూ ఉండి తీరాలి, ఖర్చు సాకు చెప్పకూడదు.

జెడ్ అక్షరం తప్పనిసరేమీ కాదు. ‘మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్’ నొక్కితే విండోస్ చివరి అక్షరం నుంచి వెనక్కి వస్తూ ఖాళీగా ఉన్నదాన్ని సూచిస్తుంది, అంతే. అసలు చిరునామా \\సర్వర్\ఖాతాలు అన్న తీరులో ఉంటుంది. దాన్ని ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ బార్‌లో కొట్టినా ఫోల్డర్ తెరుచుకుంటుంది. అందుకే తోటి ఉద్యోగికి ‘జెడ్‌లో పెట్టాను, చూడండి’ అని మెయిల్ పెట్టకండి. వారి జెడ్ ఇంకో ఫోల్డర్ కావచ్చు. పూర్తి చిరునామా పంపండి.

‘అనుమతి ఇచ్చాను, అయినా సేవ్ కావడం లేదంటున్నారు’ అనేది ప్రతి ఆఫీసులో వినిపించే మాట. విండోస్‌లో తాళాలు రెండు: ఒకటి షేరింగ్‌ది, ఇంకొకటి డిస్క్‌లోని ఫోల్డర్‌ది. రెండింటిలో ఏది కఠినంగా ఉంటే అదే చెల్లుతుంది. అడ్వాన్స్‌డ్ షేరింగ్‌లో మనం మార్చకపోతే అందరికీ ఉండేది చదివే అనుమతి మాత్రమే. ఫోల్డర్ వైపు ఎన్ని టిక్కులు పెట్టినా షేరింగ్ వైపు మార్చనిదే ఫలితం ఉండదు.

సర్వర్ కొనకుండా మామూలు విండోస్ 10 లేదా 11 కంప్యూటర్ నుంచే షేర్ చేస్తున్నారా? ఒకేసారి 20 మెషీన్ల వరకే కనెక్ట్ కాగలవు.

ఈ ఏర్పాటుకు ఆధారం ఎస్‌ఎంబీ, అంటే కంప్యూటర్లు ఫైళ్లు పంచుకోవడానికి మాట్లాడుకునే భాష. 1983లో ఐబీఎంలో బ్యారీ ఫైగెన్‌బామ్ దీనికి రూపం ఇచ్చారు. 1990ల మొదట్లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే పరిశోధక విద్యార్థి, వైర్ల మీద వెళ్లే సమాచారాన్ని గమనించి ఆ భాషను పసిగట్టారు. యునిక్స్ మెషీన్లూ అదే భాష మాట్లాడేలా ఆయన రాసిన ప్రోగ్రామే తర్వాత సాంబా అయింది, అందరికీ ఉచితంగా దక్కింది. చిన్న ఆఫీసుల్లో వాడే స్టోరేజ్ పెట్టెలు చాలావాటిలో నేటికీ పనిచేస్తున్నది అదే.

ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్‌లోని లోపం గుండానే 2017 మే 12న వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది, వేసుకోనివారే ఎక్కువగా దెబ్బతిన్నారు. అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన కంప్యూటర్లలో ఆ పాత వెర్షన్‌తో ఫైళ్లు అందుకునే సదుపాయం మామూలుగా ఉండదు. కొత్త కంప్యూటర్ కొన్న రోజే పాత స్కానర్ ఫోల్డర్‌లోకి స్కాన్ పంపడం మానేస్తే తరచూ కారణం ఇదే. పాత వెర్షన్‌ను మళ్లీ ఆన్ చేయమని ఎవరైనా చెబితే దయచేసి వినకండి. ముందు స్కానర్ కంపెనీ ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఇచ్చిందేమో చూడండి. ఇవ్వకపోతే, మెయిల్ సదుపాయం ఉన్న స్కానర్‌ను స్కాన్లు మెయిల్‌కు పంపేలా మార్చుకోవచ్చు.