ఎడారిలో బండి, చక్రములో గాలి

ఈ పుటలలో వంటకములను గూర్చియు, శిశుపోషణమును గూర్చియు, పురాణకథలను గూర్చియు చదువుటకు మీ రలవాటుపడినవారు. నేనీమారు మోటారుబండి టైర్లను గూర్చి వ్రాయబూనితినని విని మీరు నవ్వుకొందురేమో. మా యింటిలో నిదివరకే నవ్విరి. “బడిపంతులు భార్యకు టైర్లతో నేమి పని?” యని మావారే యనిరి. కాని గడచిన మాఘమాసమున నొకనాటి సాయంకాలము నా తమ్ముని బిడ్డలిద్దరును, నేనును, వారి తల్లిదండ్రులును, ఎడారి నడుమ నిసుకలో దిగబడి, చేతనున్న నీటిసీసాలను లెక్కించుకొంటిమి. ఆ దినమున మమ్ము గట్టెక్కించినది మా మరదలి నేర్పును, బొటనవ్రేలంతటి నాలుగు ఇత్తడి పరికరములును. కావున నీ సంగతి మీకు చెప్పక యుండజాలను.

నా తమ్ముడు పండ్రెండేండ్లుగా దుబాయిలో నుద్యోగము చేయుచున్నాడు. మా మరదలు అచటనే కారు నడుపుట నేర్చి, పిమ్మట ఎడారిలో బండి నడుపు విద్యను తెలిసినవారి యొద్ద పట్టుదలతో నభ్యసించినది. నేను వారిని చూడబోయినప్పుడు, దుబాయి నుండి హత్తాకు పోవు త్రోవలో లహ్‌బాబ్ అనుచోట నున్న యెఱ్ఱని యిసుకదిబ్బలను నాకు చూపవలెనని వారు సంకల్పించిరి. శనివారము మధ్యాహ్నము బయలుదేరితిమి.

తారురోడ్డు ముగిసిన చోట మరదలు బండి నాపించి, “ఏమండీ, ఇచ్చట నాలుగు టైర్లకును గాలి దింపవలెను. 15కు రానిదే లోపలికి పోగూడదు” అనెను. తమ్ముడు త్వరపడుచుండెను. “అక్కకు సూర్యాస్తమయము చూపవలెనని తెచ్చితిమి. మనము గాలి దింపుచు కూర్చున్న, సూర్యుడు మనకొఱ కాగునా?” యని, తాళపుచెవి కొనతో ఒక్కొక్క టైరు వాల్వును కొంచెము సేపు నొక్కి, “ఇది చాలును” అని లేచెను. మరదలు నావంక చూచెను. నేనేమంటినో వ్రాయుటకు సిగ్గగుచున్నది. “పోనిమ్మమ్మా, వాడు చెప్పుచున్నాడు గదా!” యంటిని. చదువుకున్న పిల్ల తనకు తెలిసిన మాట చెప్పుచుండగా, దానిని కొలిచి చూడకయే త్రోసివేసినవారిలో నేనును ఒకతెను.

మొదటి దిబ్బ దాటితిమి. రెండవదాని యెగువలో బండి వేగము తగ్గెను. తమ్ముడు గట్టిగా త్రొక్కెను. చక్రములు గిరగిర తిరిగెనే కాని బండి ముందునకు సాగలేదు. తిరిగినకొలది తమ క్రిందనున్న యిసుకను తామే త్రవ్వుకొని, ఇరుసు దాక దిగిపోయెను. చుట్టును చూడగా నింకొక బండి లేదు. అటువంటి చోటికి రెండు బండ్లు లేనిదే పోరాదను నియమమును కూడ ఆనాడు మేము మీరితిమి. ఫోనులో సంకేతము లేదు. సూర్యుడు క్రుంకుటకు గంట కాలమే యుండెను. పిల్లలు త్రాగుటకు రెండు సీసాల నీరు మిగిలెను. చిన్నది నా కొంగు పట్టుకొని, “అత్తా, రాత్రి యిక్కడనే పడుకొందుమా?” అనెను.

మరదలు భర్త నొక్కమాట యనలేదు. పిల్లలను బండి నీడన కూర్చుండబెట్టి, చిన్న తోలుసంచి తెచ్చి, అందుండి మొదట కొలతయంత్రమును తీసి టైర్లకు పెట్టి చూపెను. 35 ఉండవలసిన చోట 28 ఉండెను. “15 కావలెనంటిని గదండీ” యని మాత్రమే పలికెను. తరువాత నాలుగు ఇత్తడి పరికరములను తీసి, రెండింటిని నా చేతిలో పెట్టి, “వదినగారూ, వీనిని వాల్వుకు మరబిగించుటే పని. ఇవి మన కుక్కరు వెయిటు వంటివే. మీకు క్రొత్త గావు” అనెను.

ఆ యొక్కమాటతో నాకు సగము విషయము బోధపడెను. మీకును పడును. కుక్కరులో ఆవిరి మితిమీరినప్పుడు పైనున్న బరువును లేపి కూత వేయుచు వెలికి వచ్చును. ఒత్తిడి తగ్గగానే బరువు మరల కూర్చుండి రంధ్రమును మూయును. ఈ పరికరములో బరువునకు మాఱుగా ఒక స్ప్రింగు గలదు. టైరులోని గాలి తాను నిర్ణయించిన యొత్తిడికి మించియున్నంత సేపు స్ప్రింగును నెట్టుకొని బుస్సున వెలికి పోవును. నిర్ణయించిన మితికి దిగగానే స్ప్రింగుదే పైచేయి యగును, ద్వారము మూసికొనును. ఏ మితికి మూసికొనవలెనో ముందుగానే పైనున్న మరను త్రిప్పి కుదుర్చుకొనవచ్చును. మరియొక వింత చూడుడు. మన యిండ్లలోని కుక్కరు కూతవేయునప్పటి యొత్తిడి సాధారణముగా చదరపు అంగుళమునకు సుమారు 15 పౌనులు. ఇసుకలో నడువవలసిన టైరునకును ఇంచుమించుగా నంతియే కావలెను.

గాలి తగ్గించిన బండి యేల నడచును? అది బరువునకును వైశాల్యమునకును సంబంధించిన లెక్క. మనుష్యులతో కూడి 2,400 కిలోలు తూగు బండి నాలుగు చక్రములపై నిలిచినచో ఒక్కొక్క చక్రముపై 600 కిలోలు, అనగా సుమారు 1,320 పౌనులు పడును. టైరులో చదరపు అంగుళమునకు 35 పౌనుల గాలి యున్నచో ఆ బరువును మోయుటకు సుమారు 38 చదరపు అంగుళముల మేర నేలకు తగులును. అది ఏడంగుళముల చిన్నపళ్లెమంత. గాలి 15కు దిగినచో తగులు మేర సుమారు 88 చదరపు అంగుళములగును. అది పదిన్నర అంగుళముల భోజనపు పళ్లెమంత. టైరు ప్రక్కల బిగువు కూడ కొంత బరువును మోయును గనుక నీ లెక్క ఖచ్చితము గాదు, కాని తత్త్వమిదియే. బరువు మాఱలేదు, పరచుకొన్న మేర రెండింతలకు మించెను. కావున నిసుకపై భారము పలుచనై చక్రము దిగబడదు. ఒంటె పాదము నేలపై వెడల్పుగా పరచుకొనుటకు హేతువిదియే. టైరు అడ్డముగా ఉబ్బునని పలువురు తలతురు. నిజమునకు తగులు భాగము ఎక్కువగా నిలువున, ముందు వెనుకలకే సాగును.

నా చిన్ననాట మా తండ్రిగారి యెడ్లబండి గోదావరి యిసుకలో దిగబడినప్పుడు, బండివాడు చక్రముల క్రింద తాటియాకులు పరచి తోలుట చూచితిని. అదియు నీ లెక్కయే. భేదమేమనగా, అచట చక్రము క్రింద పరచితిరి, ఇచట చక్రమునే పరచుచున్నారు.

ఈ విద్యకు ప్రసిద్ధుడైనవాడు రాల్ఫ్ బాగ్నాల్డు అను ఆంగ్ల సైనికోద్యోగి. ఆయన 1896లో జన్మించి 1990 వరకు జీవించెను. 1929, 1930, 1932 సంవత్సరములలో ఫోర్డు బండ్లతో లిబియా యెడారిలో సంచరించెను. టైర్లలో గాలి తగ్గించినచో, దాటశక్యము గాదనుకొన్న యిసుకదిబ్బలను సైతము బండి యెక్కునని అనుభవముచే చూపెను. దిగబడిన చక్రముల క్రింద నుంచుటకు ఇనుప పలకలను వెంట గొనిపోయెను. అవి మన తాటియాకుల తోబుట్టువులే గదా! 1940లో ఈ యనుభవముతోనే యెడారి యుద్ధమున కొక ప్రత్యేక దళమును నెలకొల్పెను. గాలిచే ఇసుక యెట్లు కదలునో, దిబ్బలెట్లు పుట్టునో పరిశోధించి 1941లో నొక శాస్త్రగ్రంథమును ప్రకటించెను. ఈయన సోదరి ఈనిడ్ బాగ్నాల్డు పేరుమోసిన రచయిత్రి. ఈనిడ్ అక్కగారు. 1935లో తమ్ముని యెడారి ప్రయాణగ్రంథమును, అక్కగారి ప్రసిద్ధ నవలయు వెలువడెను.

తరువాత 1942లో అమెరికావారు నేలమీదను నీటిమీదను పోగల యొక సైనికవాహనమును నిర్మించిరి. దానిలో చోదకుడు తన యాసనమునుండి దిగకయే టైర్ల గాలిని పెంచుటకును తగ్గించుటకును వీలుండెను. 1944లో నార్మండీ సముద్రతీరపు టిసుకపై అట్టి బండ్లు మిక్కిలిగా నుపయోగపడెను. మనవంటి గృహస్థుల బండ్లకు అట్టి యేర్పాటు సాధారణముగా నుండదు గనుక చేతి పరికరములే గతి.

ఆ పరికరములు ముఖ్యముగా మూడు విధములు. మొదటిది వాల్వులోని పిన్నును నొక్కి గాలి విడుచునట్టిది. వెల స్వల్పము, ఆలస్యము మెండు. రెండవది నేను చెప్పిన స్ప్రింగు పరికరము. నాలుగింటిని నాలుగు చక్రములకు బిగించి మన పని మనము చూచుకొనవచ్చును. కాని స్ప్రింగు కాలక్రమమున మార్పు చెందును గనుక కొలతయంత్రముతో సరిచూడక నమ్మరాదు. మూడవది కొలతయంత్రముతో కూడినది. అది వాల్వు నడిమి పిన్నును మరవిప్పి తన గొట్టములోనే పట్టియుంచి గాలిని వడిగా వదలును. పిన్ను ఇసుకలో పడి పోవు భయము లేదు. అన్నిటికంటె శీఘ్రమైనది, కాని ఒక్కొక్క చక్రము కడ మనిషి నిలువవలెను.

ఇక మా కథకు వత్తును. పరికరములు బుసకొట్టుచుండగా మేము ముగ్గురము చేతులతోను, ఒక ఫలహారపు పళ్లెముతోను, చక్రముల వెనుకను బండి కడుపు క్రిందను ఇసుక తోడితిమి. ఒక్కొక్కటిగా బుసలు సద్దుమణిగెను. మరదలు నాలుగింటిని కొలిచి చూచి, తాళపుచెవికై చేయి చాచెను. తమ్ముడు మారుమాటాడక యిచ్చెను. ఆమె ముందునకు తోలుటకు ప్రయత్నింపలేదు. వచ్చిన చాళ్లవెంటనే, మెల్లగా, చక్రము తిరిగి త్రవ్వకుండునట్లు, వెనుకకు నడిపెను. బండి యొకమారు ఊగి, లేచి, గట్టినేలకు వచ్చెను. సూర్యాస్తమయము నేను చూడనే లేదు. అప్పటికి నా కన్నులు నీటితో నిండియుండెను.

తారురోడ్డు చేరిన పిమ్మట ఇంకొక చిక్కు వచ్చెను. పిల్లలకు ఆకలి వేయుచుండెను. “మెల్లగా పోయి పెట్రోలుబంకులో గాలి కొట్టించుకొందము” అని తమ్ముడనెను. మరదలు సమ్మతింపలేదు. గాలి తక్కువైన టైరు పరుగెత్తినచో దాని ప్రక్కలు మాటిమాటికి ముడుచుకొని సాగి వేడెక్కును. వేడిచే లోపలి పొరలు చెడి, రహదారిపై పగిలి ప్రాణాపాయము కలుగవచ్చును. ఈమారు నేను నోరు విప్పితిని. “నాయనా, అది చెప్పినట్లు చేయుము. ఆకలి అరగంట ఆగును” అంటిని. వెంటనున్న చిన్న గాలిపంపును బండి బ్యాటరీకి తగిలించి నాలుగు టైర్లును నింపునప్పటికి అరగంటకు మించెను. పిల్లలు మిగిలిన నీరు త్రాగి, నా ఒడిలో నిద్రించిరి.

విదేశములలో బిడ్డలున్న సోదరీమణులు మనలో ననేకులు గలరు. వారు మిమ్ము ఎడారికి గొనిపోయినచో ఈ నాలుగు మాటలు జ్ఞాపకముంచుకొనుడు. ఒంటిబండితో పోవలదు. కొలతయంత్రము, గాలి దింపు పరికరములు, గాలిపంపు, పార, మనిషి కొక్కంటికి కావలసినదానికంటె నెక్కువ నీరు లేక కదలవలదు. ఇసుకలో సామాన్యముగా 15 మొదలు 18 వరకు చాలును. 12కు దిగువైనచో చక్రపు టంచునుండి టైరు ఊడు భయము గలదు గనుక వంకరమలుపులు త్రిప్పవలదు, వేగము పనికిరాదు. ప్రయాణముచే వేడెక్కిన టైరు చల్లని టైరుకంటె కొంత యెక్కువ కొలత చూపునని మరువవలదు. తారురోడ్డు కనబడినంతనే గాలి నింపుకొనక ముందునకు సాగవలదు.

మా మరదలు ఇటీవల వ్రాసిన జాబులో, తమ్ముడిప్పుడు ఇసుక యంచున తానే ముందుగా దిగి తోలుసంచి తీయుచున్నాడనియు, నాలుగవ చక్రమును మా మేనకోడలు కొలుచుచున్నదనియు తెలిపినది. ఆ పిల్లకు తొమ్మిదేండ్లు. అది 15 అని చెప్పువరకు బండి కదలదట.